కాంకరెంట్, సైమల్టేనియస్: రెండూ 'ఏకకాలమే'నా?

ఒంగోలు_పాలిటీ
గ్రూప్స్ పిల్లలకి పాలిటీ చెప్తుంటాను. క్లాసులో వచ్చిన ఒక సందేహం ఇక్కడ పెడుతున్నా. భాష తెలిసినవాళ్లు, లా తెలిసినవాళ్లు ఇద్దరూ ఉన్నారు కాబట్టి సరైన జవాబు దొరుకుతుందని నమ్మకం.

కాంకరెంట్ లిస్టుని ఉమ్మడి జాబితా అంటున్నాం. కోర్టు వార్తలకొచ్చేసరికి అదే కాంకరెంట్ 'ఏకకాలంలో' అయిపోతుంది: "రెండు శిక్షలూ ఏకకాలంలో అమలు చేయాలి" అని రాస్తారు. సైమల్టేనియస్ ఎలక్షన్స్‌కేమో జమిలి ఎన్నికలంటున్నాం. డిక్షనరీ తీస్తే కాంకరెంట్‌కీ సైమల్టేనియస్‌కీ ఇంచుమించు ఒకే అర్థం కనబడుతుంది. మరి తెలుగులో ఇన్ని మాటలెందుకు? అసలు ఈ కాంకరెంట్ అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? కాస్త వివరంగా చెప్పండి. బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు.

మార్కాపురం_పలక
రెండూ ఒకటే కదన్నా. ఒకే టైంలో జరిగేవి. పరీక్షలో అంతకు మించి అడగరు.

కందుకూరు_పద్యం
పరీక్ష సంగతి పక్కన పెట్టు తమ్ముడూ, రెండూ ఒకటి కాదు. పుట్టుకలోనే తేడా ఉంది.

కాంకరెంట్ లాటిన్ నుంచి వచ్చింది. 'కాన్' అంటే కలిసి, 'కురెరె' అంటే పరుగెత్తడం. 'కాంకురెరె' అంటే కలిసి పరుగెత్తడం, నాలుగు వైపుల నుంచి పరుగెత్తుకొచ్చి ఒకచోట చేరడం. గమనించండి, ఇందులో కాలం అనే మాటే లేదు. ఉన్నది పరుగూ, కలయికా. ఇంగ్లీషులోకి 14వ శతాబ్దం చివర్లో వచ్చేటప్పటికి కూడా 'కలిసి పనిచేసే' అనే అర్థంతోనే వచ్చింది.

ఆ పరుగు ధాతువు మనకి కొత్తదేమీ కాదు. ఇంట్లో పోయే కరెంటు, మీ పిల్లలు చదివే కరెంట్ అఫైర్స్, కోర్సు, కొరియర్, కారిడార్, కంప్యూటర్లో కదిలే కర్సర్, జేబులో కరెన్సీ, అన్నీ ఆ కుటుంబమే. రైల్వే స్టేషన్లలో జనం అన్ని వైపుల నుంచి వచ్చి చేరే హాలుని కాంకోర్స్ అంటారు చూడండి, అది కాంకరెంట్‌కి సొంత తోబుట్టువు.

సైమల్టేనియస్ వేరే ఇంటిది. లాటిన్లో 'సిముల్' అంటే ఒకేసారి, ఒక్కటిగా. సంస్కృతంలోని 'సమ', ఇంగ్లీషులోని సేమ్, సిమిలర్ దీనికి చుట్టాలు. ఇంగ్లీషులో ఇది వాడుకలోకి వచ్చింది 17వ శతాబ్దంలో. దీని ప్రాణమంతా 'ఆ ఒక్క క్షణం' మీదే.

ఇంకో విషయం. ఫ్రెంచిలో కాంకరెంట్ అంటే పోటీదారుడు. జర్మన్లో కాంకరెంజ్ అంటే వ్యాపారంలో పోటీ. కలిసి పరుగెత్తేవాళ్లు చేయీ చేయీ పట్టుకునే పరుగెత్తాలని లేదు కదా, పందెంలోనూ కలిసే పరుగెత్తుతారు. లాటిన్లో ఆ మాటకి యుద్ధంలో రెండు సేనలు ఢీకొనడం అనే అర్థం కూడా ఉంది.

ఒంగోలు_పాలిటీ
మాస్టారూ, చాలా బాగుంది. ఆ చివరి మాట వినగానే నాకు 254వ అధికరణ గుర్తొచ్చింది. ఉమ్మడి జాబితాలోని ఒకే అంశం మీద కేంద్రం ఒక చట్టం, రాష్ట్రం ఇంకో చట్టం చేసి, రెండూ ఢీకొంటే ఏది నిలుస్తుందో చెప్పేది అదే. మామూలుగా కేంద్ర చట్టమే నిలుస్తుంది. రాష్ట్ర చట్టానికి రాష్ట్రపతి ఆమోదం ఉంటే ఆ రాష్ట్రం వరకు అది నిలుస్తుంది, అయితే పార్లమెంటు మళ్లీ దాన్ని మార్చే వీలుంది.

ఇక్కడ కాలంతో పనే లేదు. కేంద్రం 1950లలో చేసి ఉండొచ్చు, రాష్ట్రం నిన్న చేసి ఉండొచ్చు. ఒకే పొలం మీద ఇద్దరికీ హక్కుంది, అంతే. 'ఉమ్మడి' అన్నవాళ్లకి భాష బాగా తెలుసు. ఈ జాబితా బ్రిటిష్ వాళ్లు చేసిన 1935 భారత ప్రభుత్వ చట్టంలోనే ఉంది. రాజ్యాంగం వచ్చినప్పుడు అందులో 47 అంశాలు. 1976లో 42వ సవరణతో విద్య, అడవులు, తూనికలు కొలతలు, వన్యప్రాణుల రక్షణ, న్యాయపాలన, ఈ అయిదూ రాష్ట్ర జాబితా నుంచి ఇందులోకి వచ్చాయి.

నెల్లూరు_కోర్టుసెంటర్
శిక్షల సంగతి నేను చెప్తా, రోజూ చూసేదే.

ఒకే కేసులో ఒక మనిషికి రెండు నేరాలు రుజువయ్యాయి. ఒకదానికి మూడేళ్లు, ఇంకోదానికి అయిదేళ్లు. కాంకరెంట్ అంటే రెండు శిక్షలూ ఒకే రోజు మొదలై పక్కపక్కనే నడుస్తాయి. మూడేళ్లది ముందు అయిపోతుంది, అయిదేళ్లది నడుస్తూనే ఉంటుంది. అయిదేళ్లకి బయటికొస్తాడు. కన్సెక్యుటివ్ అంటే ఒకటి అయ్యాక ఇంకోటి, మొత్తం ఎనిమిదేళ్లు. ఇంగ్లీషు తీర్పుల్లో శిక్ష 'రన్' అవుతుందనే రాస్తారు. మాస్టారు చెప్పిన పరుగు అక్కడ ఇప్పటికీ బతికే ఉంది.

పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 31వ సెక్షన్‌లో జడ్జి ఏమీ చెప్పకపోతే ఒకదాని తర్వాత ఒకటే. కాంకరెంట్ కావాలంటే తీర్పులో ప్రత్యేకంగా రాయాలి. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 25వ సెక్షన్ ప్రకారం నేర తీవ్రత చూసి, కలిసి నడవాలా వరసగా నడవాలా అన్నది కోర్టే చెప్పాలి. తీర్పు చదివేటప్పుడు ఆ ఒక్క వాక్యం కోసం ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. ఆ ఒక్క మాటలో ఏళ్లకేళ్లు ఉన్నాయి కాబట్టి తెలుగులో దాన్ని తేలిగ్గా రాయకూడదని నా అభిప్రాయం.

మార్కాపురం_పలక
అన్నా, రెండు యావజ్జీవాలు పడితే? ఒకదాని తర్వాత ఒకటి ఎట్లా కుదురుతుంది?

నెల్లూరు_కోర్టుసెంటర్
కుదరదు. 2016లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం తేల్చింది. మనిషికి ఉన్నది ఒకటే జీవితం, కాబట్టి రెండు యావజ్జీవాలు వరసగా నడవవు, కలిసే నడుస్తాయి. పదేళ్ల శిక్ష ముందు, యావజ్జీవం తర్వాత అని మాత్రం ఆదేశించొచ్చు. ఇంకోటి కూడా గుర్తుంచుకో. జరిమానా కట్టనందుకు వేసే జైలు అసలు శిక్షలో కలిసిపోదు, అది విడిగా అనుభవించాల్సిందే. చాలా కుటుంబాలు ఇక్కడే లెక్క తప్పి, ఫలానా రోజు వస్తాడని ఎదురు చూస్తుంటాయి.

దర్శి_లెక్కలు
లెక్కల్లో ఈ మాట ఇంకా స్పష్టంగా ఉంటుంది. మూడు లేదా అంతకన్నా ఎక్కువ గీతలు ఒకే బిందువు గుండా పోతే అవి కాంకరెంట్ లైన్స్. తెలుగు మీడియంలో మిళిత రేఖలు, అనుషక్త రేఖలు అంటాం. త్రిభుజం మధ్యగత రేఖలు మూడూ గురుత్వ కేంద్రం దగ్గర, ఎత్తులు మూడూ లంబకేంద్రం దగ్గర, కోణ సమద్విఖండన రేఖలు అంతర కేంద్రం దగ్గర కలుస్తాయి.

పిల్లల చేత ఒకసారి స్కేలు పెట్టి గీయించండి. మొదటి రెండు గీతలు ఎక్కడో ఒకచోట కలుస్తాయి, అందులో వింతేం లేదు. మూడోది గీస్తూ పెన్సిల్ ఆ చుక్క దగ్గరికి వచ్చేటప్పుడు క్లాసంతా నిశ్శబ్దం అయిపోతుంది. అది సరిగ్గా ఆ చుక్కలోంచే పోతుంది. ఏ త్రిభుజం తీసుకున్నా అంతే. 'పరుగెత్తుకొచ్చి ఒకచోట చేరడం' అని మాస్టారు అన్నదానికి ఇంతకంటే మంచి బొమ్మ నాకు తెలీదు. గీతలకి కాలం లేదు. ఇక్కడ ఏకకాలం అని రాస్తే అర్థం పూర్తిగా పోతుంది.

సైమల్టేనియస్ ఈక్వేషన్స్ ఇంకో రకం. పదో తరగతిలో 'రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత' అని ఉంటుంది. రెండు సమీకరణాలూ ఒకే విలువలకి ఒకేసారి నిజం కావాలి. గ్రాఫ్ గీస్తే ఆ జవాబు రెండు గీతలు కలిసే చుక్క. అంటే గ్రాఫ్ మీద చూస్తే కలయిక, సమీకరణంలో చూస్తే ఒకేసారి.

పెన్నా_బ్యారేజ్
మాది నెల్లూరు, పని బెంగళూర్లో, సాఫ్ట్‌వేర్. మా దగ్గర ఈ మాట మీద ఇంటర్వ్యూల్లో పెద్ద చర్చే నడుస్తుంది: కాంకరెంట్ వేరు, ప్యారలల్ వేరు.

ఒకే ప్రాసెసర్ ఉన్న పాత కంప్యూటర్ తీసుకోండి. అందులో పాట వింటూ టైప్ చేసేవాళ్లం. అది నిజంగా రెండు పనులు ఒకే క్షణంలో చేయలేదు. కొన్ని మిల్లీసెకన్లు దీనికి, కొన్ని దానికి ఇస్తూ పోతుంది. మనకి రెండూ ఒకేసారి నడుస్తున్నట్టే ఉంటుంది. ఇది కాంకరెంట్. రెండు ప్రాసెసర్లు పెట్టి నిజంగానే రెండు పనులు ఒకే క్షణంలో చేయిస్తే అది ప్యారలల్. కాంకరెంట్‌లో పనులు ఒకదానిలో ఒకటి అల్లుకుని నడుస్తాయి. ఏ క్షణంలో చూసినా కదిలేది ఒకటే కావచ్చు, కానీ ఏదీ పూర్తయిపోలేదు, ఏదీ ఆగిపోలేదు.

దీనివల్ల వచ్చే చిక్కులు తక్కువేం కాదు. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో ఒకటే బెర్త్ మిగిలింది అనుకుందాం. కావలిలో ఒకాయన, ఒంగోల్లో ఒకావిడ ఇద్దరూ బుక్ చేస్తున్నారు. ఇద్దరికీ ఖాళీగానే కనబడుతోంది. సిస్టమ్ జాగ్రత్తగా రాయకపోతే ఒకే బెర్త్ ఇద్దరికీ వెళ్లిపోతుంది. అందుకే ఒకరు దాన్ని పట్టుకుని ఉన్నప్పుడు రెండోవారిని ఆపాలి. ఈ సమస్యకి డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1965లోనే పరిష్కారం రాశాడు. ఫ్రెంచివాళ్లు ఈ మాటని పోటీ అన్నారంటే నాకు ఆశ్చర్యంగా లేదు, మా పనిలో అది అక్షరాలా పోటీయే.

కందుకూరు_పద్యం
బాబూ, నువ్వు చెప్పింది చదువుతుంటే నాకు అష్టావధానమే కళ్ల ముందు కనబడుతోంది. అవధాని ఎనిమిది మంది పృచ్ఛకులకీ, అంటే ప్రశ్నలడిగేవాళ్లకీ, 'ఏకకాలంలో' జవాబిస్తాడని రాస్తుంటాం. నిజానికి జరిగేదేమిటి? మొదటి ఆవృత్తిలో, అంటే మొదటి చుట్టులో, సమస్య (పూరించమని ఇచ్చే పాదం) ఇచ్చినాయనకి ఒక పాదం చెప్తాడు, అక్కడ ఆపి దత్తపదికి (ఇచ్చిన మాటలు ఇమిడ్చి చెప్పే పద్యానికి) ఒక పాదం, అక్కడ ఆపి వర్ణనకి ఒక పాదం. నిషిద్ధాక్షరి దగ్గర పృచ్ఛకుడు వద్దన్న అక్షరాన్ని తప్పించుకుంటూ అక్షరం అక్షరంగా కదులుతాడు. ఇలా నాలుగు ఆవృత్తులు తిరిగితే పద్యాలు పూర్తవుతాయి. చివర్లో అన్నీ వరసగా ధారణ, అంటే గుర్తుంచుకుని మళ్లీ అప్పజెప్పడం. ఏ క్షణంలోనూ నోట ఒకటే పద్యం. కానీ ఏ పద్యమూ మనసులోంచి జారిపోలేదు.

మధ్యమధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు ఎప్పుడు పడితే అప్పుడు అడ్డం వస్తారు. ఆయనకీ బదులిచ్చి, ఆపిన చోటికే తిరిగి రావాలి.

ఇందులో ఒక్క అంశం మాత్రం వేరు. ఘంటాగణనం. ఎవరో ఒకరు ఇష్టమొచ్చినప్పుడు గంట కొడుతుంటారు. అవధాని పద్యం చెప్తున్నా, నవ్విస్తున్నా, ఆ లెక్క మనసులో నడుస్తూనే ఉండాలి. చివర అడిగితే సరిగ్గా చెప్పాలి.

పెన్నా_బ్యారేజ్
మాస్టారూ, అచ్చం మా పాఠమే ఇది! పాదం దగ్గర ఆపి ఇంకో పద్యానికి పోయి తిరిగి రావడం కాంకరెంట్. అప్రస్తుత ప్రసంగాన్ని మేము ఇంటరప్ట్ అంటాం. గంటల లెక్క ప్యారలల్‌కి దగ్గర. ఇంతకాలం ఇంగ్లీషు ఉదాహరణలే చెప్పాను, ఇకనుంచి మా టీములో తెలుగు పిల్లలకి అవధానంతోనే చెప్తాను.

కందుకూరు_పద్యం
గంటల లెక్క విషయంలో మన పాతవాళ్లు ఒప్పుకుంటారో లేదో చూడాలి. గౌతముడి న్యాయసూత్రాల్లో (ఇక్కడ న్యాయం అంటే కోర్టుది కాదు, తర్కశాస్త్రం) ఒక సూత్రం ఉంది: "యుగపజ్జ్ఞానానుత్పత్తిర్మనసో లింగమ్". రెండు జ్ఞానాలు ఒకే క్షణంలో పుట్టకపోవడమే మనసనేది ఒకటుందనడానికి గుర్తు అని దాని భావం. కళ్లూ చెవులూ అన్నీ తెరిచే ఉన్నా, మనసు ఒక్కోసారి ఒక్కదానితోనే కలుస్తుంది. మనకి అన్నీ ఒక్కసారే తెలిసినట్టు అనిపించేది మనసు వేగం వల్ల. ఆ లెక్కన అవధాని గంటలు కూడా పాదానికీ పాదానికీ సందులోనే లెక్క పెడుతున్నాడన్నమాట. నేను గౌతముడి వైపే.

ఆ 'యుగపత్' అనే మాట చూడండి. సైమల్టేనియస్‌కి సంస్కృతంలో అసలైన మాట అదే. యుగం అంటే కాడి. ఒకే కాడి కింద, పక్కపక్కన అన్న భావం నుంచి ఒకేసారి అనే అర్థం వచ్చింది. ఇంగ్లీషు యోక్, లాటిన్ 'యుగుం' దీనికి చుట్టాలే. ఒంగోలు గిత్తల జిల్లాలో ఉన్నాం, బండలాగుడు పందెం చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఒక గిత్త అర అడుగు ముందు వేసిందంటే కాడి వంకర పోతుంది, బండ పక్కకి లాగుతుంది. రెండూ కలిపి అడుగేస్తేనే బండ తిన్నగా కదిలేది.

కావలి_బ్యాంక్
మరి జమిలి సంగతి ఎవరూ చెప్పలేదే?

కందుకూరు_పద్యం
జమిలి అంటే జంట, రెండు పేటలు కలిపినది. కవలలకి సంస్కృతంలో యమళమనే మాట ఉంది, ప్రాకృతంలో అది జమల అయింది, మనకి జమిలి. లోక్‌సభ, అసెంబ్లీ, రెండు పేటలు ఒక్కటిగా పేనినట్టు. పత్రికలవాళ్లు పాత మాటని భలే వెతికి తెచ్చారు.

ఒంగోలు_పాలిటీ
దీని మీద నాదీ ఒక మాట. దేశంలో 1951–52, 1957, 1962, 1967 ఎన్నికలు దాదాపు అన్నిచోట్లా జమిలిగానే జరిగాయి. మన రాష్ట్రంలో 1999 నుంచి మళ్లీ రెండూ కలిసే వస్తున్నాయి. 2024 మే 13న మనం ఓటేసినప్పుడు రెండు యంత్రాలు ఉన్నాయి, లోక్‌సభకి తెల్ల కాగితం, అసెంబ్లీకి గులాబీ కాగితం. ఒకటి నొక్కి, బీప్ వచ్చాక రెండోది నొక్కాం. దేశమంతా కలిపి ఆ ఎన్నికలు ఏప్రిల్ 19 నుంచి జూన్ 1 దాకా ఏడు విడతల్లో జరిగాయి. జమిలి ఎన్నికల మీద వేసిన రామ్‌నాథ్ కోవింద్ కమిటీ 2024 మార్చిలో ఇచ్చిన నివేదికలో, లోక్‌సభ, అసెంబ్లీలు అయ్యాక 100 రోజుల్లోపు పురపాలక, పంచాయతీ ఎన్నికలు జరపాలని చెప్పింది.

అంటే సైమల్టేనియస్ అన్నా 'ఒక్క క్షణం' కానక్కర్లేదు. ఎంత వెడల్పు కాలాన్ని మనం 'ఒకసారి' అని పట్టుకుంటున్నామన్నదే అసలు సంగతి.

సూళ్లూరుపేట_తీరం
సార్ సరైన చోట పట్టుకున్నారు. మా ఊరు 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, మాకు ఇప్పటికీ నెల్లూరే. 2017 ఫిబ్రవరి 15న శ్రీహరికోటలోని షార్ నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ37 రాకెట్ వెళ్లింది. "ఒకేసారి 104 ఉపగ్రహాలు" అని పేపర్లన్నీ రాశాయి. మేడల మీద నిలబడి చూసినవాళ్లకి అది ఒక్కటే మంట, ఒక్కటే ఉరుము. పైకెళ్లాక మాత్రం ముందు 714 కిలోల కార్టోశాట్ ఉపగ్రహం, తర్వాత ఇస్రో నానో ఉపగ్రహాలు రెండు, ఆ తర్వాత విదేశాలవి 101 విడిపోయాయి. ఒకదానికొకటి తగలకుండా ఉండాలంటే ఎడం ఉండాల్సిందే. మొత్తం అరగంట లోపే అయిపోయింది.

మన 'ఒకేసారి'లోనే రెండు అర్థాలున్నాయి: ఒకే దఫా, ఒకే క్షణం. 104 ఉపగ్రహాలు ఒకే దఫా వెళ్లాయి, ఒకే క్షణంలో విడిపోలేదు.

క్షణం విషయానికొస్తే, అది కూడా అందరికీ ఒకటి కాదని ఐన్‌స్టీన్ 1905లో చూపించాడు. దూరదూరంగా జరిగిన రెండు సంఘటనలు నిలబడి చూసేవాడికి ఒకే క్షణంలో జరిగినట్టు తేలితే, వాటి మధ్య వేగంగా ప్రయాణించేవాడి గడియారం లెక్కలో ఒకటి ముందు, ఒకటి వెనక. ఇద్దరి లెక్కా సరైనదే. మన రైళ్ల వేగంలో ఆ తేడా పట్టుకోలేనంత చిన్నది.

మార్కాపురం_పలక
ఒంగోలు సార్ క్లాసు ఎక్కడో చెప్పండి, నేను కూడా చేరతా. ఇంతకీ కాంకరెంట్ జ్యూరిస్డిక్షన్ అని ఒక బిట్ చూశాను, దాన్ని ఏమనాలి?

నెల్లూరు_కోర్టుసెంటర్
ఉమ్మడి అధికార పరిధి. ప్రాథమిక హక్కులు కాపాడమని వేసే రిట్ పిటిషన్లకి సుప్రీంకోర్టుకీ పోవచ్చు, 32వ అధికరణ. హైకోర్టుకీ పోవచ్చు, 226వ అధికరణ. ఏకకాల పరిధి అని రాస్తే రెండు కోర్టుల్లో ఒకేసారి కేసు వేయొచ్చేమో అనుకుంటారు, అది ప్రమాదం.

కావలి_బ్యాంక్
మా బ్రాంచిలో ఏళ్లుగా వింటున్న కాంకరెంట్ ఆడిట్ ఇప్పుడు అర్థమైంది. 1992 నాటి షేర్ల కుంభకోణం తర్వాత బ్యాంకుల్లో దీన్ని గట్టిగా పట్టించుకున్నారు. ఏడాది చివర వచ్చి పాత కాగితాలు తిరగేసే ఆడిట్ కాదిది. నేను లోను ఇచ్చినప్పుడు ఆడిటర్ నా పక్కన కూర్చోడు. నేను డాక్యుమెంట్లు పూర్తి చేసి ఫైలు మూశాక అదే వారంలో ఆయన తెరుస్తాడు. తప్పుంటే అది ముదరకముందే పట్టుకోవచ్చు. పనితో పాటే నడుస్తుంది, కానీ ఒక అడుగు వెనక. మొన్న తెలుగు నివేదికలో దీన్ని 'ఏకకాల ఆడిట్' అని రాశారు, అది సరి కాదనిపిస్తోంది. మాస్టారూ, ఏమని రాయమంటారు?

కందుకూరు_పద్యం
'వెన్నంటి తనిఖీ' అని రాసి చూడండి.

కావలి_బ్యాంక్
బాగుంది మాస్టారూ. సోమవారం మేనేజర్ గారికి చూపిస్తాను.